ఉత్తుత్తి ఆటలు

ఇటుకపొడి కారం, తడి ఇసుక అన్నం, చింతాకు పప్పు. వండి వడ్డించేది ఐదేళ్ల అక్క, తినేది మూడేళ్ల తమ్ముడు. అది ఇసుకేనని ఇద్దరికీ తెలుసు. అందుకే తమ్ముడు ముద్దను పెదాల దాకా తెచ్చి, నమిలినట్టు దవడలాడించి, ‘అబ్బా, కారం!’ అని నీళ్లడుగుతాడు. అక్క ఖాళీ కొబ్బరి చిప్పతో నీళ్లిస్తుంది. ఒక వస్తువు నిజానికి ఏమిటో తెలిసి ఉండి కూడా, దాన్ని మరొకటిగా అనుకుని, ఆ అనుకున్నదాని ప్రకారం నడుచుకోవడమే ఈ రకం ఆటలన్నిటికీ మూలం. పిల్లలు వీటిని ఉత్తుత్తి ఆటలంటారు. మనోవిజ్ఞాన పరిభాషలో చెప్పాలంటే ఇవి ఊహాక్రీడలు. అమ్మానాన్నాట, వంటాట, బడాట, డాక్టరాట, బస్సాట, బొమ్మల పెళ్లి, దొంగా పోలీసు అన్నీ ఈ కోవలోవే. ఏడాది దాటిన పసివాళ్లలో ఇవి మొలకెత్తుతాయి, మూడు నుంచి ఆరేళ్ల మధ్య ముమ్మరమవుతాయి, ఆ తర్వాత గెలుపోటములున్న ఆటలకు చోటిచ్చి క్రమంగా తగ్గుతాయి.

వీటివల్ల పిల్లలకు ఒరిగేదేమిటన్న ప్రశ్న మీద దాదాపు వందేళ్లుగా పరిశోధన సాగుతోంది. దొరికిన జవాబుల్లో కొన్ని గట్టివి. మరికొన్ని ప్రచారంలో మోగినంతగా పరీక్షకు నిలవలేదు. ఉత్తుత్తి ఆట ఆడితే తెలివి పెరుగుతుందన్న మాట ఈ రెండో రకంలోది. ఆటలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే తమకు తాము ఒక నియమం పెట్టుకుని దానికి కట్టుబడతారన్నది మొదటి రకంలోది. ఆట అసలు విలువ వెతకాల్సింది ఇక్కడే.

పాత సాక్ష్యాలు

హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో మట్టితో చేసిన బుల్లి బండ్లు దొరికాయి. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లో చారుదత్తుడి కొడుకు మట్టిబండి తనకొద్దని, పొరుగు పిల్లవాడి బంగారు బండి కావాలని ఏడుస్తాడు. నాటకానికి ఆ పేరు వచ్చిందే ఆ బొమ్మబండి వల్ల. 12వ శతాబ్దపు జైన పండితుడు హేమచంద్రుడు ‘పరిశిష్టపర్వం’లో చెప్పిన కథ ప్రకారం, బాల చంద్రగుప్తుడు తోటి పిల్లలతో రాజు ఆట ఆడుతుండగా చాణక్యుడి కంట పడతాడు.

తెలుగులో ఈ ఆటను నిశితంగా పట్టుకున్న కవి బమ్మెర పోతన. భాగవతం దశమ స్కంధంలో బాలకృష్ణుడి ఆటలను ఒక సీస పద్యంలో వరసగా చెబుతాడు. తాను ఆబోతు, తోటి పిల్లలు ఆవులు. తాను రాజు, వాళ్లు భటులు. తాను దొంగ, వాళ్లు ఇంటివాళ్లు. తాను సూత్రధారి, వాళ్లు వేషధారులు. ప్రతి ఆటలోనూ ముందు ఎవరు ఎవరో ప్రకటించడం, ఆ తర్వాతే పాత్రకు తగ్గ పని మొదలవడం గమనించదగ్గవి. ఆబోతు వంగి రంకె వేస్తుంది, రాజు పనులు పురమాయిస్తాడు. దొంగ అయితే ముందు ఇంటివాళ్లను నిద్రపుచ్చి, ఆపైన సొమ్ములెత్తుకుపోయి దాక్కుంటాడు. పాత్రల పంపకం, ఒక్కో పాత్రకు ఒక్కో నడవడి, అన్నిటినీ నడిపించే నాయకుడు: 20వ శతాబ్దంలో శిశు మనోవిజ్ఞానులు నర్సరీ బడుల్లోనూ ఆటస్థలాల్లోనూ కూర్చుని నమోదు చేసుకున్న లక్షణాలు ఇవే. 15వ శతాబ్దపు కవి వాటిని ఏ పల్లె వాకిట్లోనో కళ్లారా చూసి ఉండాలి.

వయసు వెంట మారే ఆట

ఊహాక్రీడ ఎక్కడ మొదలవుతుందో ఓపిగ్గా రాసిపెట్టినవాడు స్విట్జర్లాండు శాస్త్రవేత్త జీన్ పియాజే. తన ముగ్గురు పిల్లలను రోజూ గమనించి రాసుకున్న విషయాల ఆధారంగా 1945లో ఫ్రెంచి భాషలో ఒక పుస్తకం వెలువరించాడు. అందులో ఆయన కూతురి నిద్రాట ఉంది. ఆ పాపకు అప్పుడు ఏడాదీ మూడు నెలలు. తన దిండు అంచులను పోలిన కుచ్చులున్న గుడ్డ ఒకటి కనబడగానే దాన్ని పట్టుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని, పక్కకు ఒరిగి పడుకుంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు. నిద్ర రాకుండానే నిద్రను ఆడి చూపడం అదే మొదలు.

ఆ ఈడులో పిల్లలు ఆడేది తమ మీదే: ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు చేయడం, దువ్వెన పట్టుకుని తల దువ్వుకున్నట్టు చేయడం. కొన్ని నెలలు గడిచాక గ్లాసు బొమ్మ నోటి దగ్గరికి వెళుతుంది. రెండేళ్ల ప్రాంతంలో ఒక వస్తువు మరో వస్తువుకు బదులు నిలుస్తుంది. అయితే ఆ వస్తువు అసలుదానికి కాస్త దగ్గరగా ఉండాలి. అగ్గిపెట్టె సులువుగా సెల్‌ఫోనవుతుంది కానీ, బంతి సెల్‌ఫోను కావాలంటే మరికొంత కాలం పడుతుంది. ఇంకా పెద్దయ్యాక అసలు వస్తువే అక్కర్లేదు. 1973లో ఓవర్టన్, జాక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలను పళ్లు తోముకున్నట్టు నటించమన్నారు. మూడు, నాలుగేళ్లవాళ్లు వేలినే బ్రష్షు చేసి తోముకున్నారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు గాలిలో లేని బ్రష్షును పట్టుకున్నట్టు పిడికిలి బిగించారు.

నాలుగైదేళ్లకు ఆట గుంపులోకి వెళుతుంది, కథ పుడుతుంది. పెళ్లి అనుకుంటే పేరంటాళ్లు, భోజనాలు, అప్పగింతలు అన్నీ ఉండాలి.

తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు

1933లో లెనిన్‌గ్రాడ్‌లో లెవ్ వైగోట్‌స్కీ చేసిన ఒక ఉపన్యాసం ఈ రంగంలో ఇప్పటికీ మూలస్తంభం. మరుసటి ఏడాదే ఆయన క్షయతో కన్నుమూశాడు. ఉపన్యాసం రష్యన్‌లో 1966 దాకా అచ్చు కాలేదు. కర్రను గుర్రంగా చేసుకుని స్వారీ చేసే పిల్లవాడి ఉదాహరణతో ఆయన చెప్పింది ఇది: పసివాడికి మాట, వస్తువు విడదీయరానివి. కర్ర మీద గుర్రం అనే అర్థాన్ని ఎక్కించినప్పుడు, అర్థాన్ని వస్తువు నుంచి వేరు చేయడం వాడికి అలవాటవుతుంది. ఎదుట లేనిదాని గురించి ఆలోచించడానికి అది మెట్టు.

ఆయన రెండో పరిశీలన ఇంకా లోతైనది. ఉత్తుత్తి ఆట అంటే ఇష్టం వచ్చినట్టు గెంతడమని పెద్దలు అనుకుంటారు. వైగోట్‌స్కీ దృష్టిలో నియమం లేని ఊహాక్రీడ లేనే లేదు. అమ్మ పాత్ర వేసిన పిల్ల అమ్మలాగే నడుచుకోవాలి. పాప పాత్ర వేసినవాడు మధ్యలో లేచి బస్సు నడపడానికి వీల్లేదు. నిజంగానే అక్కాచెల్లెళ్లయిన ఇద్దరు ‘అక్కాచెల్లెళ్లాట’ ఆడుకున్న సంఘటనను ఆయన ప్రస్తావిస్తాడు. మామూలు రోజుల్లో తాము ఎలా ఉంటున్నారో పట్టించుకోని ఆ పిల్లలు, ఆటలో మాత్రం అక్క అంటే ఎలా ఉండాలో, చెల్లెలు అంటే ఎలా ఉండాలో ఆలోచించి మరీ నడుచుకున్నారు.

ఈ మాటను పరీక్షకు పెట్టిన ప్రయోగం 1948లో వచ్చింది. మనుయిలెంకో అనే సోవియట్ పరిశోధకురాలు చిన్నపిల్లలను కదలకుండా నిలబడమంది. ఊరికే నిలబడమన్నప్పుడు వాళ్లు ఎక్కువసేపు ఆగలేకపోయారు. కాపలా సైనికుడి పాత్ర ఇచ్చినప్పుడు అంతకంటే బాగా ఎక్కువసేపు నిలబడ్డారు. 2017లో అమెరికాలో రేచెల్ వైట్, స్టెఫనీ కార్ల్‌సన్ తదితరులు నాలుగేళ్లు, ఆరేళ్ల వయసున్న 180 మంది పిల్లలతో చేసిన అధ్యయనం ఇదే దారిలోది. ఒక విసుగు పుట్టించే పనిని పది నిమిషాలు చేయమన్నారు. పక్కనే టాబ్లెట్‌లో సరదా ఆట పెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు అటు వెళ్లవచ్చన్నారు. కొందరిని ‘నేను కష్టపడుతున్నానా?’ అని తమను తాము ప్రశ్నించుకోమన్నారు. కొందరిని తమ పేరుతో ప్రశ్నించుకోమన్నారు. ఇంకొందరు బ్యాట్‌మన్ లాంటి పాత్ర వేషం కట్టి ‘బ్యాట్‌మన్ కష్టపడుతున్నాడా?’ అని అడుక్కున్నారు. పని దగ్గర అందరికంటే ఎక్కువసేపు నిలిచింది వేషం కట్టినవాళ్లే. ‘కుదురుగా కూర్చో’ అని రోజుకు పదిసార్లు కేకలేసే ఇళ్లు ఈ రెండు ప్రయోగాలనూ తప్పక తెలుసుకోవాలి. పాత్రలో ఉన్నప్పుడు పిల్లలకు తమ వయసుకు మించిన నిగ్రహం వస్తుంది.

ఊహలో తర్కం

బ్రిటన్‌లో పనిచేసిన ఆలన్ లెస్లీ రెండేళ్ల పిల్లలతో ఒక ఉత్తుత్తి విందు నడిపాడు. ఖాళీ సీసా నుంచి రెండు కప్పుల్లో పోసినట్టు నటించి, ఒక కప్పును బోర్లించి దులిపి, మళ్లీ రెండో దాని పక్కన పెట్టాడు. రెండూ నిజానికి పొడిగానే ఉన్నాయి. ‘ఏది ఖాళీ?’ అని అడిగితే పిల్లలు బోర్లించిన కప్పునే చూపించారు. కళ్లకు కనబడేది ఒకటి, ఆటలో జరిగింది మరొకటి. ఈ రెండు లెక్కలూ కలగలిసిపోకుండా రెండేళ్ల బుర్రలో పక్కపక్కనే నడుస్తున్నాయి. అరటిపండును ఫోనుగా చేసుకున్న పిల్లవాడు అరటిపండ్ల గురించి గాని, ఫోన్ల గురించి గాని గందరగోళపడడెందుకని 1987 నాటి వ్యాసంలో లెస్లీ వేసిన ప్రశ్నకు ఇది కొనసాగింపు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించే శక్తికి, ఈ నటనకు మూలం ఒకటేనని ఆయన వాదించాడు. ఆ వాదం మీద ఏకాభిప్రాయం లేదు.

1988లో డయాస్, పాల్ హారిస్ జరిపిన పరిశోధన మరో సంగతిని బయటపెట్టింది. ‘పిల్లులన్నీ మొరుగుతాయి. రెక్స్ ఒక పిల్లి. రెక్స్ మొరుగుతుందా?’ అని నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలను మామూలుగా అడిగితే, పిల్లులు మొరగవు కదా అని తమకు తెలిసిన లోకం నుంచే జవాబిస్తారు. మరో గ్రహం మీద ఉన్నామనుకుందాం అని ఆట గొంతుతో అడిగితే మాత్రం, మొరుగుతుందని సరైన తార్కిక జవాబు చాలా ఎక్కువగా వచ్చింది. ఇచ్చిన ప్రతిపాదనను ఒప్పుకుని దాని నుంచి ముందుకు పోవడం గణితానికీ, చట్టానికీ, విజ్ఞానశాస్త్రానికీ పునాది. బడి చదువు మొదలవక ముందే ఆటలో పిల్లలకు అది చేతనవుతోంది.

ఆటలో మాట

‘నువ్వేమో పేషెంటువంట, నీకేమో జ్వరమంట.’

‘నాకు జ్వరమొద్దు. కాలిరిగిందంట.’

‘సరే, అయితే నువ్వు నడవకూడదు మరి.’

గుంపులో ఆడే పిల్లల మాటల్లో చాలాభాగం ఇలాంటి బేరసారాలే. పాత్రలోంచి బయటికి వచ్చి కథను కుదుర్చుకుంటారు, మళ్లీ గొంతు మార్చి పాత్రలోకి దూరతారు. ‘ఇది ఆటే’ అనే సంకేతం లేకుండా ఏ ఆటా సాగదని మానవశాస్త్రవేత్త గ్రెగరీ బేట్సన్ 1950లలోనే చెప్పాడు. తన మాట నెగ్గించుకోవాలి, అవతలివాడు అలిగి వెళ్లిపోకుండా చూసుకోవాలి. ఈ రెండూ ఒకేసారి చేయడం పెద్దవాళ్లకే కష్టం. కథను అభినయించిన పిల్లలకు ఆ కథ బాగా అర్థమవుతుందని, గుర్తుంటుందని 1982లో పెలెగ్రిని, గాల్డా చూపించారు.

పాత్రతో పాటు భాషా మారుతుంది. కరీబియన్ దీవి డొమినికాలో పెద్దలు పిల్లలను స్థానిక పత్వా భాష మాట్లాడవద్దని, ఇంగ్లిషే మాట్లాడమని అదుపు చేస్తారు. ఆ పిల్లలే బస్సు డ్రైవరు, రైతు వంటి పాత్రలు వేసినప్పుడు పత్వాలోకి మారిపోవడాన్ని ఎమీ పా అనే పరిశోధకురాలు 2005లో నమోదు చేసింది. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాషగా బతుకుతున్న తెలుగు పిల్లల ఆటలను కూడా ఈ చెవితో వినాలి.

భయాన్ని ఆడుకోవడం

పిల్లలు సంతోషాన్నే కాదు, భయపెట్టినవాటినీ ఆడతారు. సూది పొడిపించుకుని వచ్చిన పిల్ల ఆ సాయంత్రం బొమ్మకు సూది పొడుస్తుంది. ఈసారి సూది తన చేతిలో ఉంటుంది. జర్మనీ, బ్రిటన్ వంటి దేశాల్లో వైద్య విద్యార్థులు ‘టెడ్డీబేర్ ఆసుపత్రులు’ నడుపుతారు. పిల్లలు తమ బొమ్మను రోగిగా తీసుకొచ్చి వైద్యం చేయిస్తారు. ఆసుపత్రి భయం తగ్గించడమే ఉద్దేశం. కోవిడ్ కాలంలో పిల్లలు బొమ్మలకు మాస్కులు కట్టి టెస్టులు చేశారు. నాజీ శిబిరాల్లో, ఘెట్టోల్లో బందీలైన పిల్లలు సైతం తమ చుట్టూ జరుగుతున్న ఘోరాలనే ఆటలుగా ఆడుకున్నారని జార్జ్ ఐసెన్ 1988 నాటి తన పుస్తకంలో వివరించాడు. అలాంటి ఆటను చూసి ‘అవేం ఆటలు’ అని గద్దించడం సరికాదు. అర్థం కానిదాన్ని పిల్లలు తమ చేతుల్లోకి తీసుకునే దారుల్లో అదొకటి.

ఊహా స్నేహితుల విషయంలోనూ పెద్దలకు అనవసరపు కంగారు ఎక్కువ. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జొరీ టేలర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్లు వచ్చేసరికి 65 శాతం మంది పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఊహా నేస్తం ఉన్నట్టు తేలింది. ఆ నేస్తం లేడని ఆ పిల్లలకు తెలుసు.

రుజువుల తూకం

1968లో ఇజ్రాయెల్ పరిశోధకురాలు సారా స్మిలాన్‌స్కీ ప్రచురించిన పుస్తకంతో ఊహాక్రీడ బడుల్లోకి వచ్చింది. పేద వలస కుటుంబాల పిల్లల ఆటలో పాత్రలు, కథ పలుచగా ఉన్నాయని గమనించిన ఆమె, ఉపాధ్యాయులు పక్కన కూర్చుని ఎలా ఆడాలో చూపిస్తే ఆట మెరుగుపడుతుందని నిరూపించింది. కేవలం కొత్త అనుభవాలు కల్పించి వదిలేస్తే ఆట మెరుగుపడలేదు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఆట శిక్షణతో సృజన, భాష, సమస్యా పరిష్కారం అన్నీ పెరుగుతాయని అధ్యయనాలు వెల్లువెత్తాయి.

వాటిని మొదట నిలదీసినవాడు ఇంగ్లండులో షెఫీల్డ్‌కు చెందిన పీటర్ స్మిత్. ఆటలో పాల్గొనని పిల్లల మీద కూడా పెద్దలు అంతే శ్రద్ధ పెడితే, రెండు గుంపుల మధ్య తేడా చాలావరకు మాయమైంది. మేలు చేసింది ఆటా, పెద్దల సాంగత్యమా? ఏ పిల్లలు ఆట గుంపులోవారో పరీక్షించేవాళ్లకు తెలియకుండా చేస్తే సృజన పెరిగిందన్న ఫలితమూ నిలవలేదు. 2013లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఏంజెలిన్ లిలార్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన రుజువులన్నీ తిరగేసింది. ఆ బృందం ముందున్న అవకాశాలు మూడు: ఊహాక్రీడ ఎదుగుదలకు తప్పనిసరి కావచ్చు, మేలుచేసే అనేక దారుల్లో ఒకటి కావచ్చు, లేదా మరేదో మేలుకు పక్కన కనిపించే నీడ మాత్రమే కావచ్చు. తప్పనిసరి అనడానికి ఆధారాలు చాలవని, సృజన విషయంలో అవి మరీ బలహీనమని, భాష, కథనం, తర్కం, ఉద్వేగాల అదుపు వంటివాటిలో అది ఒక దారి అయ్యే అవకాశం ఉందని ఆ బృందం తేల్చింది. పిల్లలను కూర్చోబెట్టి బట్టీ పట్టించడమే మేలని దీని అర్థం కాదని కూడా స్పష్టంగా రాసింది.

రుజువులను జాగ్రత్తగా తూచాలన్న హెచ్చరిక ఇప్పటికీ అవసరమే. 2020లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం, బొమ్మలతో ఒంటరిగా ఆడుకునేటప్పుడు కూడా మెదడులో ఇతరుల గురించి ఆలోచించే భాగం చురుగ్గా ఉంటుందని కనుగొంది. ఆసక్తికరమైన ఫలితమే. అయితే దానికి డబ్బు పెట్టింది బార్బీ బొమ్మల కంపెనీ మాటెల్.

అందరి ఆట ఒకటి కాదు

మెక్సికోలోని యుకటాన్ మాయా గ్రామాల్లో సుజాన్ గాస్కిన్స్ చూసిన పిల్లలు అమెరికా పిల్లలంత ఊహాక్రీడ ఆడరు. చిన్నప్పటి నుంచే పెద్దల నిజమైన పనుల్లో పాలుపంచుకుంటారు. వాళ్ల ఎదుగుదలకు లోటేమీ లేదు. తైపేలో పెద్దవాళ్లే ఆట మొదలుపెట్టి, అతిథిని పలకరించడం వంటి మర్యాదలు అందులో నేర్పుతారని వెండీ హైట్ బృందం గుర్తించింది. మనుషులను దాటి చూస్తే, ఉగాండాలోని కిబాలే అడవిలో చింపాంజీ పిల్లలు, ముఖ్యంగా ఆడవి, పుల్లలను బొమ్మల్లా మోసుకు తిరగడాన్ని కాలెన్‌బర్గ్, రాంగ్‌హామ్ 2010లో వివరించారు.

ఊహాక్రీడ కనబడకపోవడం కొన్నిసార్లు ఒక సూచన. 1992లో సైమన్ బారన్-కోహెన్ తదితరులు రూపొందించిన పరీక్షలో, 18 నెలల పిల్లలు నటించి ఆడతారా, ఏదైనా చూపించడానికి వేలు పెడతారా అన్నవి కీలక ప్రశ్నలు. రెండూ లేకపోతే ఆటిజం ఉందేమో వైద్యులకు చూపించడం మంచిది. ఒక్క ఆట లేనంత మాత్రాన నిర్ధారణ చేయరు.

సామాను, సమయం

ఈ ఆటకు ఖరీదైన సామాను అక్కర్లేదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, సహజ రంగులు కలిపిన లక్క పూసి చేసే లక్కపిడతలు తరాలుగా తెలుగు పిల్లల వంటాటకు సరంజామా. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కొండపల్లి బొమ్మలు ఎక్కువగా కొలువు మెట్లెక్కితే, లక్కపిడతలు పిల్లల చేతుల్లో అరిగాయి. అవీ లేనిచోట కొబ్బరి చిప్పలు, తాటికాయల బండి, ఆకుల డబ్బులు ఉండనే ఉన్నాయి. ఏ పనికైనా పనికొచ్చే ఇలాంటి విడి వస్తువులే పిల్లల చేత ఎక్కువ కల్పన చేయిస్తాయని సైమన్ నికల్సన్ 1971లో వాదించాడు. ఒక్క మీట నొక్కితే తానే పాడి, తానే ఆడే బొమ్మ దగ్గర పిల్లలకు చేయడానికి పనేముంటుంది?

ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణ ఆటను హక్కుగా గుర్తించింది. భారత్ అందులో 1992లో చేరింది. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చదువుకు ఆటను ఆధారం చేసింది. 2023లో కేంద్రం ‘జాదూయి పిటారా’ పేరుతో బొమ్మల పెట్టెను విడుదల చేసింది. కాగితం మీద ఇంత ఉన్నా, మూడున్నరేళ్ల పిల్లలకు నోటుపుస్తకాలు నింపించే ఎల్‌కేజీలు తెలుగు ఊళ్లలో వీధికొకటి కనిపిస్తాయి. ఇది పిల్లలకు జరుగుతున్న అన్యాయం. అక్షరాలు ఆరు నెలలు ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.

ఇంట్లో పెద్దలు చేయగలిగింది కొంచెమే. పిలిస్తే ఆటలోకి వెళ్లాలి, ఇచ్చిన పాత్ర చాలనుకోవాలి. పేషెంటుగా పడుకోమంటే పడుకోవాలే తప్ప, స్టెతస్కోపు ఎలా పట్టుకోవాలో పాఠం మొదలుపెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం సమయం. 1988లో జేమ్స్ క్రిస్టీ తదితరులు నాలుగు, ఐదేళ్ల పిల్లలకు ఒకసారి 15 నిమిషాలు, మరోసారి 30 నిమిషాలు ఆట సమయమిచ్చి పోల్చారు. అరగంట ఇచ్చినప్పుడు గుంపుగా ఆడే కథాటలు ఎక్కువగా సాగాయి. తక్కువ సమయంలో అలాంటి ఆట నిలదొక్కుకోవడం కష్టం. పెళ్లాటలో పెళ్లికూతురెవరో, పురోహితుడెవరో, వంటవాళ్లెవరో తేలడానికే పావుగంట పడుతుంది. పీరియడ్ల మధ్య పది నిమిషాల విరామం ఇచ్చి పిల్లలను ఆడనిస్తున్నామనుకునే పూర్వ ప్రాథమిక బడుల టైంటేబుల్లో, పాత్రలు పంచుకోవడం పూర్తయ్యేసరికి గంట కొట్టేస్తారు.